బయూ ఒడ్డున బియ్యం కడిగిన నీళ్ళు పారబోయడం తప్పా?

మర్రి ఊడ | శనివారం, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. వారం రోజులుగా మనసులో మెదులుతున్న ఒక ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. థాంక్స్‌గివింగ్ సెలవులకు నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు, మొత్తం ఆరుగురం 25 అడుగుల ఆర్‌వీ (వంటగది, పడకలు, టాయిలెట్ ఉన్న బండి) ఒకటి అద్దెకు తీసుకొని ప్లేనో నుంచి కాడో లేక్ స్టేట్ పార్కుకు వెళ్ళాం. చూడనివారి కోసం చెబుతున్నాను: ఆ పార్కు టెక్సస్, లూసియానా సరిహద్దుకు దగ్గరగా, కార్నాక్ అనే చిన్న ఊరి పక్కన, బిగ్ సైప్రస్ బయూ ఒడ్డున ఉంటుంది. బయూకు మన భాషలో సరైన మాట నాకు దొరకలేదు. ఏరు అందామంటే పారుతున్నట్టు కనిపించదు, చెరువు అందామంటే గట్లు ఉండవు; అడవి మధ్య నుంచి నింపాదిగా కదిలే నల్లటి నీరు. ఆ నీటిలోనే బాల్డ్ సైప్రస్ చెట్లు మొదలు ఉబ్బి నిలబడి ఉంటాయి, వాటి వేళ్ళు మోకాళ్ళలాగా పైకి పొడుచుకొని వస్తాయి, నవంబరులో ఆకులన్నీ ఇటుక రంగుకు తిరిగి రాలిపోతాయి.

రెండో రోజు ఉదయం మా నాన్నగారు బండి బయట ఉన్న కుళాయి దగ్గర గిన్నెలో బియ్యం కడిగి, ఆ కడుగును పక్కనే ఉన్న చెట్టు మొదట్లో పోశారు. అటుగా బండిలో వెళుతున్న పార్కు రేంజరు ఆగి, వాడిన నీళ్ళను నేల మీద పోయకూడదని, సింకులో గానీ డంప్ స్టేషన్‌లో (బండ్ల మురుగు ట్యాంకులు ఖాళీ చేసే చోట) గానీ పోయాలని చెప్పింది. ఆమె మర్యాదగానే మాట్లాడింది. అయినా చుట్టుపక్కల సైట్లలో (బండ్లు నిలుపుకొనే చోట్లలో) ఉన్నవాళ్ళు చూస్తుండగా 71 ఏళ్ళ పెద్దమనిషికి అలా చెప్పించుకోవలసి రావడం నాకు మింగుడుపడలేదు. అందులో సబ్బు లేదు, నూనె లేదు. మన ఇళ్ళలో ఆ నీళ్ళు కరివేపాకు మొక్కకు పోస్తాం, గొడ్లు ఉన్నవాళ్ళు కుడితి గోలెంలో కలుపుతారు. అది మురుగు ఎలా అవుతుంది?

పచ్చి మిరప | రాత్రి 9:52

నియమం నియమమే. ఇందులో చర్చించడానికి ఏముందో నాకు అర్థం కాలేదు.

యాభై ఆంపులు | రాత్రి 10:15

మర్రి ఊడ గారూ, పదేళ్ళుగా సొంత ట్రైలరు లాక్కొని తిరుగుతున్నవాడిగా చెబుతున్నాను. ఆర్‌వీలో మూడు ట్యాంకులు ఉంటాయి. మంచినీళ్ళది ఒకటి, సింకు, షవరు నీళ్ళు దిగే గ్రే ట్యాంకు ఒకటి, టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు ఒకటి. సింకులోకి వెళ్ళవలసిన నీళ్ళు ఏవైనా గ్రే కిందికే వస్తాయి. అందులో సబ్బు ఉందా, పప్పు ఉందా, పసుపు ఉందా అని రేంజరు గిన్నె గిన్నెకూ వాసన చూసి తేల్చలేదు కాబట్టి నియమం అన్నిటికీ ఒకటే పెట్టారు. మీ సైట్‌లో మురుగు కనెక్షన్ ఉందా, లేక నీళ్ళు, కరెంటు మాత్రమేనా? మీ బండి 30 ఆంపులదా, 50దా? 30 అయితే మీకు దొరికేది 3,600 వాట్లు. హీటరు, రైస్ కుక్కరు, ఇండక్షన్ పొయ్యి ఒకేసారి పెట్టారంటే బ్రేకరు పడిపోతుంది. చాలామంది ఇది చూసుకోరు.

పచ్చి మిరప | రాత్రి 10:18

ఆయన అడిగింది బియ్యం నీళ్ళ గురించి, కరెంటు గురించి కాదు.

కొల్లేటి గట్టు | రాత్రి 11:05

మర్రి ఊడ గారికి నమస్కారం. మీరు నిలబడిన ఒడ్డు నుంచి నీటి మీదికి చూసి ఉంటే, పచ్చటి దుప్పటి పరిచినట్టు ఒక మొక్క తేలుతూ కనిపించి ఉండాలి. దాని పేరు జెయింట్ సాల్వీనియా, బ్రెజిల్ నుంచి వచ్చిన నీటి ఫెర్న్. కాడో సరస్సులో 2006లో కనిపించింది. వేడి, ఎరువు సరిగ్గా అందితే వారం పది రోజుల్లో రెట్టింపు అవుతుంది. అది కప్పేసిన చోట అడుగుకు వెలుతురు దిగదు, నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, చేప బతకదు. మందు కొడుతున్నారు, దాన్ని తినే ముక్కుపురుగులను పెంచి వదులుతున్నారు. ఆ పురుగులేమో గట్టి చలి వచ్చిన ఏడాది చచ్చిపోతాయి. అదే నీటిలో మన గుర్రపు డెక్క కూడా ఉంది.

బియ్యపు కడుగులో గంజి ఉంటుంది, కొంత భాస్వరం ఉంటుంది. కరివేపాకు మొక్కకు అది మంచిదని మీరే రాశారు. మొక్కకు ఎందుకు మంచిదో, సాల్వీనియాకు కూడా అందుకే మంచిది. పారే నదిలో పోస్తే కొట్టుకుపోతుంది. బయూలో పోసింది అక్కడే ఉంటుంది. మీ ప్రశ్నకు జవాబు మీ ప్రశ్నలోనే ఉంది.

మర్రి ఊడ | ఆదివారం, ఉదయం 7:30

కొల్లేటి గట్టు గారూ, మీకు విషయం బాగా తెలుసని అర్థమవుతూనే ఉంది. కానీ గోరంతను కొండంత చేస్తున్నారు. మా నాన్నగారు పోసింది లీటరున్నర నీళ్ళు, అవీ నీటిలో కాదు, నేల మీద. తిరిగి వచ్చాక నేనూ కొంత చదివాను. ఆ బయూకు ఎగువన లేక్ ఓ ద పైన్స్ అనే జలాశయం ఉంది, దాని పైన కోళ్ళ ఫారాలున్నాయి, పట్టణాల మురుగు శుద్ధి చేసి వదిలే కాలువలున్నాయి. నత్రజని, భాస్వరం గురించి ప్రభుత్వ పత్రాలు అక్కడి నుంచే మొదలవుతాయి. జలాశయానికి ఆనకట్ట కట్టాక, ఏటా వచ్చి నాచునూ కలుపునూ ఊడ్చుకుపోయే వరద ఉధృతి తగ్గిందని కూడా రాశారు. ఇంత ఉండగా చెట్టు మొదట్లో పోసిన గిన్నెడు కడుగు దగ్గర పర్యావరణం ఆగిపోయిందా? పక్క సైట్‌లో ఒకాయన తన కుక్కకు బయటే స్నానం చేయించాడు, దానికి షాంపూ పెట్టాడు. ఆయన దగ్గర ఎవరూ ఆగలేదు. ఎందుకు ఆగలేదో నేను విడమరిచి రాయనక్కరలేదు.

సంచారి | ఉదయం 8:10

నేను లూసియానాలోని లఫాయెట్‌లో ఉంటాను. లేక్ ఫాస్ పాయింట్ స్టేట్ పార్కులో ఒకసారి మేము అన్నం వార్చిన గంజిని బండి వెనక పోశాం. రాత్రి రెండింటికి చప్పుడైతే లైటు వేసి చూశాను: నాలుగు రకూన్లు ఆ తడి నేలను చేతులతో గీరుతున్నాయి, ఒకటి మెట్టు ఎక్కి తలుపు గొళ్ళాన్ని తడిమి చూస్తోంది. మరునాడు అదే చోట ఎర్ర చీమలు పుట్ట పెట్టాయి, మా చిన్నవాడి పాదం బూరెలా పొంగింది. భాస్వరం సంగతి పెద్దలు తేల్చండి. నేను మాత్రం మెతుకు కూడా కింద పడనివ్వను.

కొల్లేటి గట్టు | ఉదయం 10:45

కుక్కకు షాంపూ పెట్టినాయనదీ తప్పే. రేంజరు చూసి వదిలేస్తే అదీ తప్పే. వారిద్దరి తప్పుతో మీది ఒప్పు కాదు. ఇక 'లీటరున్నర' అన్న మాట గురించి కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే ఆ మాట వింటూనే నేను పెరిగాను.

మాది కొల్లేటి లంక గ్రామం. నా చిన్నతనంలో మా తాత పడవలో కూర్చొని చెయ్యి ముంచి ఆ నీళ్ళే తాగేవాడు. తరువాత చేపల చెరువులు వచ్చాయి. మా నాన్న ఒక చెరువు తవ్వించి, 'ఇంత సరస్సులో మనది ఒక్క చెరువేగా' అన్నాడు. మా బాబాయి అదే మాట అన్నాడు, ఎదురింటివారూ అదే అన్నారు. మేతా మందులూ కలిసిన నీళ్ళను ప్రతివారూ సరస్సులోకే తోడిపోశారు, ప్రతివారిదీ కొంచెమే. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో) చేర్చారు, 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) లోపలి గట్లన్నిటినీ పొక్లెయిన్లు పెట్టి తెగ్గొట్టారు. మా గట్టు తెగిన రోజున నాన్న చొక్కా కూడా వేసుకోకుండా వెళ్ళి నిలబడి చూశాడు. తప్పు ఎవరిదని అడిగితే ఊళ్ళో ఈనాటికీ ఎవరూ తనది అనరు, అందరిదీ కొంచెమే కాబట్టి. కాడో సరస్సు కూడా 1993 నుంచి ఆ రామ్‌సర్ జాబితాలోనే ఉంది. అందుకే నాకు గిన్నె చిన్నదిగా కనిపించదు.

ఇంతకీ నిన్నటి నుంచి నన్ను ఒక సందేహం పీడిస్తోంది. ఆర్‌వీలో సింకు ఉంటుంది కదా. నవంబరు ఉదయం, చలిలో, పెద్దాయన బయటి కుళాయి దగ్గర బియ్యం ఎందుకు కడిగారు?

మర్రి ఊడ | ఉదయం 11:20

అది ఇక్కడ అప్రస్తుతం. ఎవరు ఎక్కడ కడగాలన్నది మా ఇంటి విషయం. నేను అడిగింది ఆ నీళ్ళు మురుగా కాదా అని. మీ ఊరి చెరువులకూ మా నాన్నగారి గిన్నెకూ ముడిపెట్టడం న్యాయం కాదని మనవి. చెరువుల మీద మీవాళ్ళు డబ్బు సంపాదించారు. మా నాన్నగారు మనవళ్ళకు పులిహోర కలపబోయారు.

యాభై ఆంపులు | మధ్యాహ్నం 12:05

సందేహం ఎందుకు, నేను చెబుతాను. సైట్‌లో మురుగు కనెక్షన్ లేదు, గ్రే ట్యాంకు నిండిపోయింది. అద్దె బండ్లలో గ్రే ట్యాంకు చాలావాటికి 30 గాలన్లకు అటూ ఇటూ ఉంటుంది. ఆరుగురు మనుషులు ఇంట్లో చేసినట్టు స్నానం చేస్తే ఒక్క పూటలో నిండి, షవరు కింది నుంచి వెనక్కి తంతుంది. దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, చక్రాలున్న మురుగు ట్యాంకు కొనుక్కొని, గ్రే నీళ్ళు అందులోకి దింపి డంప్ స్టేషన్‌కు తీసుకుపోవడం. 15 గాలన్లు నిండితే 125 పౌండ్లు తూగుతుంది, మోయడానికి కాదు, లాగడానికి సిద్ధపడాలి. రెండోది మేమందరం చేసేదే: వంట నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఒక బేసిన్‌లో పట్టి టాయిలెట్‌లో పోసేయడం. బ్లాక్ ట్యాంకు అంత తొందరగా నిండదు, పైగా దానికి నీళ్ళు ఎంత పడితే అంత మంచిది. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తరువాత గ్రే వదలండి, గొట్టం దానంతట అదే కడుక్కుపోతుంది. పెద్దాయనకు ఈ ముక్క ఒక్కటి చెప్పి ఉంటే గొడవే లేదు.

బెల్లం ముక్క | మధ్యాహ్నం 1:30

యాభై ఆంపులు గారూ, మీ ఉపాయం బండికి మంచిదే కావచ్చు. బియ్యం కడిగిన నీళ్ళు తీసుకెళ్ళి మరుగుదొడ్లో పోయమని మీరు మీ అమ్మగారితో చెప్పగలరా? మెతుకు కింద పడితే కళ్ళకద్దుకొని తీసే తరం వారిది. మా అత్తగారిని మేము బ్రేజోస్ బెండ్ పార్కుకు తీసుకువెళ్ళినప్పుడు మా వారు సరిగ్గా ఇదే చెప్పారు. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి బియ్యం కడిగిన నీళ్ళన్నీ వంటలోనే వాడేశారు, చారు ఆ నీళ్ళతోనే పెట్టారు. మూడు రోజుల తరువాత గాని మాకు తెలియలేదు. అక్కడ మొసళ్ళున్నాయి, ముప్పై అడుగుల దూరం పాటించమని బోర్డులున్నాయి. ఆవిడ బోర్డులన్నీ చదివి పాటించారు. ఎందుకు పాటించాలో ఎవరో కూర్చోబెట్టి చెప్పారు కాబట్టి పాటించారు. ట్యాంకు గురించి మాత్రం మేము ఆజ్ఞ వేశాం.

మరొక మాట. ఈ చర్చలో అందరూ నీళ్ళు ఎక్కడికి పోవాలో రాస్తున్నారు గాని, నాలుగడుగుల వంటగదిలో ఆరుగురికి మూడు పూటలా ఎవరు వండారని ఒక్కరూ అడగలేదు. సెలవులకు తీసుకువెళ్ళామంటాం, తీసుకువెళ్ళినవాళ్ళ చేతికే గరిటె ఇస్తాం. అడవి చూడడానికి వచ్చిన మనిషి ఉదయాన్నే బియ్యం కడుగుతూ ఎందుకున్నారన్నదే నా సందేహం.

మర్రి ఊడ | మధ్యాహ్నం 1:42

బాగుంది. ఒక చిన్న ప్రశ్న అడిగితే నేను తల్లిదండ్రులచేత చాకిరీ చేయించే కొడుకునయ్యాను. వండుతానని ఆయనే పట్టుబట్టారు. మీ అత్తగారి చారు కథ నాకెందుకండీ?

పచ్చి మిరప | మధ్యాహ్నం 1:45

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది.

నిర్వాహకుడు | మధ్యాహ్నం 2:10

పచ్చి మిరప గారి చివరి వ్యాఖ్య మీద రెండు ఫిర్యాదులు వచ్చాయి. సామెత కాబట్టి ఉంచుతున్నాను. కుటుంబాల ప్రస్తావన తగ్గించి బయూ దగ్గరికి తిరిగి రావలసిందిగా సభ్యులను కోరుతున్నాను.

కొల్లేటి గట్టు | మధ్యాహ్నం 3:00

నిర్వాహకుల మాట గౌరవిస్తూనే ఒక్క వాక్యం. నేను అడిగిన దానికి ఇంకా జవాబు రాలేదు. బయట ఎందుకు కడిగారు?

మర్రి ఊడ | రాత్రి 10:50

పొద్దుటి నుంచి మూడుసార్లు రాసి చెరిపేశాను. యాభై ఆంపులు గారు ఊహించింది నిజం. మాకు దొరికింది నీళ్ళు, కరెంటు మాత్రమే ఉన్న సైట్. మొదటి రోజు సాయంత్రానికే పిల్లల స్నానాలతో గ్రే ట్యాంకు సూచీ మూడో గీత దాటింది. డంప్ స్టేషన్‌కు పోవాలంటే కరెంటు తీగ పీకి, నీళ్ళ గొట్టం చుట్టి, చక్రాల కింద పెట్టిన దిమ్మెలు తీసి, లోపల గిన్నెలన్నీ సర్ది బండి కదపాలి. తిరిగి వచ్చి అదంతా మళ్ళీ చేయాలి. నాకు బద్ధకం వేసింది. నిరుడు వేరే చోట అద్దెకు తీసుకున్న బండిని ట్యాంకు సరిగా ఖాళీ చేయకుండా ఇచ్చానని 150 డాలర్లు పట్టుకున్నారు, ఆ భయం కూడా ఉంది. అందుకే రాత్రి అందరినీ కూర్చోబెట్టి, సింకులో చుక్క నీరు పడడానికి వీల్లేదని గట్టిగానే చెప్పాను. తెల్లవారి నాన్నగారు గిన్నె పట్టుకొని బయటికి వెళ్ళడానికి కారణం అది.

రేంజరు వచ్చినప్పుడు నేను ఆ సంగతి చెప్పలేదు. ఆమెతో ఇంగ్లీషులో, 'ఆయన ఇండియా నుంచి వచ్చారు, ఆయనకు ఇవన్నీ తెలియవు' అన్నాను. మా నాన్నగారు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పి రిటైరయ్యారు. ఆయన గిన్నె కింద పెట్టి, తువ్వాలుతో చేయి తుడుచుకొని, పొరపాటు తనదేనని, ఇక జరగదని ఆమెకు నాకంటే మంచి ఇంగ్లీషులో చెప్పారు. ఆమె నవ్వి, పిల్లలకు స్టిక్కర్లు ఇచ్చి వెళ్ళిపోయింది. ఆ తరువాత రెండు రోజులూ ఆయన వంట దగ్గరికి రాలేదు. నీటి అంచున మడత కుర్చీ వేసుకొని, సైప్రస్ ఆకులు రాలడం చూస్తూ కూర్చున్నారు. అడిగినదానికి జవాబిస్తారు, అంతే. ఇంటికి వచ్చాక కూడా అంతే.

కుక్క షాంపూ మాట నిజమే గాని, ఆ వేళకు రేంజరు అటు రానే లేదు. ఆ ముక్క రాయకుండా ఉండవలసింది.

బెల్లం ముక్క | రాత్రి 11:05

చారు మాట నేను కొంచెం ఘాటుగానే రాశాను. మన్నించండి. నాన్నగారు తిరుగు ప్రయాణం ఎప్పుడు?

మర్రి ఊడ | రాత్రి 11:08

జనవరి మూడో వారం.

కొల్లేటి గట్టు | రాత్రి 11:30

మర్రి ఊడ గారూ, మీరు దాచకుండా రాసినందుకు సంతోషం. నీళ్ళ విషయంలో నా మాట మారదు. నేల మీద పోయకూడదు, లీటరున్నర అయినా పోయకూడదు. అయితే తప్పు పోసినవారిదని నిన్నటి నుంచి రాసుకుపోయాను. అది సరిదిద్దుకుంటున్నాను. చెరువుల మీద మావాళ్ళు డబ్బు సంపాదించారని మీరన్నారు. నా చదువు ఫీజు ఆ డబ్బే. దాని గురించి నేనూ ఎక్కడా రాయను.

వీలైతే క్రిస్మస్ సెలవుల్లో ఆయనను మళ్ళీ అక్కడికే తీసుకువెళ్ళండి. ఆకులన్నీ రాలిపోయి ఉంటాయి, చెట్ల మీద స్పానిష్ మాస్ ఒక్కటే బూడిద రంగు గడ్డాల్లా వేలాడుతుంది. చలికి దోమలు కూడా పెద్దగా ఉండవు. ఆ రేంజరు కనిపిస్తే సాల్వీనియా గురించి ఆయననే అడగనివ్వండి.

మర్రి ఊడ | సోమవారం, ఉదయం 6:50

రాత్రి పార్కులో సైట్ల కోసం చూశాను. 27 నుంచి మూడు రాత్రులకు ఒకటే మిగిలింది, దానికీ మురుగు కనెక్షన్ లేదు. బుక్ చేశాను. యాభై ఆంపులు గారూ, ఆ చక్రాల ట్యాంకు 15 గాలన్లది తీసుకోవాలా, ఇంకా పెద్దది తీసుకోవాలా?

యాభై ఆంపులు | ఉదయం 7:15

లాగేది ఎవరన్నదాన్ని బట్టి ఉంటుంది.

మర్రి ఊడ | ఉదయం 7:18

నేనే.

యాభై ఆంపులు | ఉదయం 7:20

అయితే 15 చాలు. రోజుకు రెండుసార్లు తిరగండి.